వెనక సీటు బెల్టు: ఒకే క్యాబ్ సర్వీసు, మొదటిసారి ఒక స్టారు, రెండోసారి నాలుగు

దూరప్రయాణాలకి కార్లు పంపే ఒక క్యాబ్ సర్వీసుని ఈ మధ్య రెండుసార్లు వాడాను. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇంతకుముందు వేరేవాళ్ల దగ్గర ఎక్కిన చాలా బళ్లలో కూడా వెనక బెల్టులు ఇలా వాడలేకుండా ఉండటం చూశాను. టైముకి వచ్చారు, బండి శుభ్రంగా ఉంది, డ్రైవర్లు ఇద్దరూ మర్యాదస్తులు, ఏసీ బాగానే పనిచేసింది. వీటిలో రెండు ట్రిప్పులకీ తేడా ఏమీ లేదు. ఆ మూడు స్టార్ల తేడా అంతా వెనక సీటు బెల్టు దగ్గరే వచ్చింది.

మొదటి ట్రిప్పులో నాన్న ముందు కూర్చున్నారు, వెనక నేను, అమ్మ, పెద్దమ్మ. ఎక్కగానే పక్కనున్న బెల్టు లాగాను, సాఫీగా వచ్చింది. చివర ఉన్న లోహపు నాలుక చేతిలో పట్టుకుని బకిల్ కోసం తడిమితే ఎక్కడా లేదు. సీటుకీ వీపు ఆనే భాగానికీ మధ్య సందులో వేళ్లు దూర్చి వెతికాను, ఒక నాణెం, ఎవరిదో హెయిర్‌పిన్ను దొరికాయి, బకిల్ దొరకలేదు. కాసేపటికి అర్థమైంది, బండికి కొత్తగా మందపాటి సీటు కవర్ వేయించారు, మూడు బకిల్సూ దాని కిందే ఉండిపోయాయి. కవర్ పైనుంచి నొక్కితే గట్టిగా చేతికి తగులుతున్నాయి, ఎర్ర బటన్ ఎక్కడుందో కూడా వేలికి తెలుస్తోంది, కానీ బయటికి తీసే దారి లేదు.

డ్రైవర్‌ని అడిగాను. "వెనక ఎవరూ పెట్టుకోరు మేడమ్, కూర్చుంటే గుచ్చుకుంటున్నాయని కస్టమర్లే అంటారు, అందుకే ఓనర్ కవర్ కిందికి తోయించేశాడు" అన్నాడు. దాచలేదు, విసుక్కోలేదు. పెట్రోల్ బంకు దగ్గర ఆపి, సీటు కింద చెయ్యి పెట్టి కవర్ హుక్కులు రెండు ఊడదీసి, పది నిమిషాలు కష్టపడితే తన వెనక సీటుది ఒక్క బకిల్ బయటికొచ్చింది. అక్కడ అమ్మని కూర్చోబెట్టి బెల్టు పెట్టాం. నేను, పెద్దమ్మ మిగిలిన మూడు గంటలూ బెల్టు లేకుండానే వెళ్లాం. బ్రేక్ పడిన ప్రతిసారీ నా చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్లేది, దారి పొడుగునా టెన్షనే.

నిజానికి ఆ చెయ్యి ఆపగలిగేది ఏమీ లేదు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి దేన్నైనా గుద్ది ఆగిపోతే, బెల్టు లేని మనిషి మాత్రం ఆగడు, అదే వేగంతో ముందుకు వెళ్తాడు. దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి పడినవాడు నేలని తాకే వేగం అది. వెనక కూర్చుంటే ముందు సీటు అడ్డు ఉంటుంది కదా అని మా ఇంట్లో కూడా అనేవాళ్లు. ఆ అడ్డుకి అవతల ఒక మనిషి ఉంటాడు. ఆ రోజు అక్కడున్నది నాన్న, ఆయన వెనక పెద్దమ్మ. నాన్న బెల్టు పెట్టుకునే ఉన్నారు, ముందు ఎయిర్‌బ్యాగ్ కూడా ఉంది, కానీ వెనక నుంచి ఒక మనిషి బరువంతా ఆ వేగంతో వచ్చి సీటు మీద పడితే ఆ రెండూ ఆయన్ని కాపాడలేవు. 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో జపాన్ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. వెనకవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే, బెల్టు పెట్టుకున్న ముందువాళ్లు కూడా చనిపోయే ప్రమాదం దాదాపు ఐదు రెట్లు పెరుగుతుందని తేల్చారు. "నా ప్రాణం నా ఇష్టం" అనేవాళ్లకి నేను చెప్పేది ఈ ఒక్క లెక్కే, ఎందుకంటే ఇందులో పోయేది ముందు కూర్చున్నవాళ్ల ప్రాణం.

చట్టాలు లేక కాదు. నడుముకీ భుజానికీ కలిపి పట్టే మూడు పాయింట్ల బెల్టుని వోల్వో కార్ల కంపెనీలో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు తయారుచేసింది 1959లో. బ్రిటన్‌లో ముందు సీటుకి బెల్టు తప్పనిసరి అయింది 1983లో, వెనక కూర్చునే పెద్దవాళ్లకి 1991 జూలైలో. జపాన్‌లో వెనక సీటు నియమం 2008లో వచ్చింది. అమెరికాలో అందరికన్నా ముందు బెల్టు చట్టం చేసిన రాష్ట్రం న్యూయార్క్, 1984లో, అలాంటిచోట కూడా వెనక కూర్చునే పెద్దవాళ్లని ఆ చట్టంలోకి తెచ్చింది 2020 నవంబరులో, అంటే 36 ఏళ్ల తర్వాత. న్యూహాంప్‌షైర్‌లో అయితే పెద్దవాళ్లకి ఏ సీటులోనూ తప్పనిసరి కాదు. ఎక్కడ చూసినా వెనక సీటు వంతు ఆలస్యంగానే వచ్చింది, ఇన్నేళ్ల ఈ ఆలస్యం వల్లే వెనక సీటుకి బెల్టు అక్కర్లేదన్న నమ్మకం జనంలో పాతుకుపోయిందని నా అభిప్రాయం.

ఇంకో సంగతి, జరిమానా ఎవరిమీద పడాలన్నది. బ్రిటన్‌లో పెద్దవాళ్లు ఎవరి బెల్టుకి వాళ్లే బాధ్యులు. భారతదేశంలో ముందుకి చూసే వెనక సీట్లలో కూర్చున్నవాళ్లు కూడా పెట్టుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళి 138(3) చెబుతుంది, కానీ మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం బెల్టు లేని ప్రయాణికులని ఎక్కించుకున్న డ్రైవర్ శిక్షార్హుడు. సొంత కారులో అయితే ఇది సరే. క్యాబ్‌లో డ్రైవర్ కస్టమర్‌ని గట్టిగా అడగలేడు, రేటింగ్ తగ్గుతుందని భయం, పైగా ఆ సీటు కవర్ వేయించింది అతను కాదు. పెట్టుకోదలుచుకున్న మనిషి చేతికే బకిల్ అందకుండా చేసినవాళ్లని పట్టుకునే నియమం కావాలి. బండి ఫిట్‌నెస్ పరీక్షలో వెనక బకిల్ ఒక్కొక్కటీ పెట్టి, తీసి చూడాలి. నేను అడిగేది అంతే.

క్యాబ్ అంటే ఎప్పుడూ నాకు గుర్తొచ్చేది గణిత శాస్త్రవేత్త జాన్ నాష్. 2015 మేలో నార్వేలో గణితానికి ఇచ్చే ఏబెల్ బహుమతి అందుకుని, తిరిగొచ్చి, ఎయిర్‌పోర్టు నుంచి భార్యతో కలిసి ట్యాక్సీలో ఇంటికి వెళ్తున్నారు. న్యూజెర్సీ హైవే మీద ట్యాక్సీ అదుపుతప్పింది. వెనక సీటులో ఉన్న ఇద్దరూ బండిలోంచి బయటికి ఎగిరిపడి చనిపోయారు, బెల్టులు పెట్టుకున్నట్టు లేదని పోలీసులు చెప్పారు. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయిన కారు ప్రమాదం కూడా ఇలాంటిదే, వెనక సీటులో ఉన్న ఇద్దరూ పోయారు, ముందున్న ఇద్దరూ బతికారు.

ఇంటికి చేరాక యాప్‌లో కంప్లైంట్ పెట్టాను, కవర్ మీద ఉబ్బెత్తుగా కనబడుతున్న బకిల్స్ ఫోటోతో సహా. మొదట అందరికీ పంపే సారీ మెసేజే వచ్చింది. మళ్లీ రాశాను. మర్నాడు ఒకావిడ ఫోన్ చేసి, ఏ సీటు, ఏ బకిల్ అని వివరంగా అడిగి రాసుకున్నారు, ఆ బండి కవర్లు మార్పించాకే మళ్లీ తిప్పుతామన్నారు. మార్పించారో లేదో నేను చూడలేదు కాబట్టి మొదటి ట్రిప్పు స్టారు మార్చలేదు.

రెండో ట్రిప్పుకి వచ్చిన బండిలో సీటు కవర్‌కి బకిల్ ఉన్నచోట కోసి, అంచులు కుట్టి ఉన్నాయి. చిన్న పనే, కానీ దాన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. డాష్‌బోర్డు మీద వెనక మూడు సీట్లకీ విడివిడిగా గుర్తులున్నాయి, ఎవరైనా మధ్యలో బెల్టు తీస్తే బీప్ మొదలవుతుంది. అమ్మ బ్యాగులోంచి మందులు తీసుకోవడానికి బెల్టు విప్పగానే అది మోగింది, డ్రైవర్ వెనక్కి తిరక్కుండానే "అమ్మా, కొంచెం పెట్టుకోండి" అన్నాడు. మొదటి బండి డ్రైవర్ చెప్పలేని మాట ఇతను అంత తేలిగ్గా చెప్పగలిగాడంటే, ఆ బీప్ అతనికి తోడున్నట్టే. ఈ బీప్‌ని ఆపడానికి బకిల్‌లో గుచ్చే ఉత్తుత్తి క్లిప్పులు కూడా అమ్మేవాళ్లు, 2023లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాటిని ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీయించింది. ఇంట్లో ఉంటే పారేయండి.

పెద్దమ్మకి బెల్టు మెడకి ఒరుసుకుంటోందని చంక కిందనుంచి వేసుకుంది. చాలామంది చేసే పనే ఇది, కానీ చాలా ప్రమాదం, గుద్దుకున్నప్పుడు బరువంతా పక్కటెముకల మీద పడుతుంది. ఇద్దరం కలిసి సర్దాం. వీపు సీటుకి పూర్తిగా ఆనించి, తనని మధ్యకి ఒక అంగుళం జరిపి కూర్చోబెడితే పైపట్టీ మెడ వదిలి భుజం మధ్యకి వచ్చింది. కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద బిగువుగా ఉండాలి, గర్భిణులకి కూడా పొట్ట కిందనుంచే. బెల్టు పనిచేస్తోందో లేదో చూడాలంటే గట్టిగా ఒక్క కుదుపు కుదపండి, టక్కున బిగుసుకుపోవాలి. మూడు గంటల తర్వాత దిగేటప్పుడు ఎలా ఉందని అడిగితే "నిద్ర పట్టింది, మెడ వాలిపోలేదు" అంది పెద్దమ్మ.

ఒక స్టారు ఎందుకు కోశానంటే మధ్య సీటుకి నడుము పట్టీ మాత్రమే ఉంది, భుజం మీదికి వచ్చే పట్టీ లేదు. అక్కడ నేను కూర్చున్నాను, నడుము కదలకపోయినా పైభాగం ముందుకి వెళ్లకుండా ఆపేది ఏమీ ఉండదు. అసలు లేనిదానికన్నా నయం, అంతే. వెనక ముగ్గురు కూర్చుంటారని బుక్ చేసేటప్పుడే తెలుస్తుంది కాబట్టి మధ్యలో కూడా మూడు పాయింట్ల బెల్టున్న బండే పంపాలి. ఈ సర్వీసులో బుకింగ్ ఆఖరి పేజీలో "డ్రైవర్‌కి గమనిక" అని ఒక పెట్టె ఉంటుంది. "వెనక ముగ్గురం, మూడు బకిల్సూ బయటికి ఉండాలి, మధ్య సీటుకి భుజం పట్టీ ఉండాలి" అని అందులో రాయండి, బండి రాగానే సామాను డిక్కీలో పెట్టకముందే వెనక తలుపు తీసి చూసుకోండి.