గుర్రంకొండకు ఒక పూట చాలదు

తిరుపతి నుంచి మదనపల్లెకు ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. గుర్రంకొండకు మాత్రం మొన్న జనవరిలోనే మొదటిసారి వెళ్లాను, మా మేనమామతో. భాకరాపేట ఘాట్ దాటి పీలేరు, కలికిరి మీదుగా వాయల్పాడు చేరి, అక్కడ కుడివైపు తిరిగాం. ఊరు రాకముందే ఆ బండకొండ ఎదురొచ్చింది.

ముందు మక్బరా చూడండి. ఇక్కడ ఏలిన మీర్ రజా అలీఖాన్ సమాధి అది. ఆయన హైదర్ అలీకి బావమరిది, టిప్పు సుల్తాన్‌కు మేనమామ. ఆ మాట చెప్పగానే మామయ్య చెప్పులు విడిచి, గుమ్మటం కింద చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. కొండ అడుగున ఉన్న రంగినీ మహల్‌కే అందరూ ఫొటోల కోసం వస్తారు. అందమైన కట్టడమే, కాదనను. కానీ నా మనసు మక్బరా దగ్గరే ఆగిపోయింది. 1799లో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం పడిపోయాక రజా అలీఖాన్ కొడుకు ఖమరుద్దీన్ ఖాన్‌కు గుర్రంకొండ జాగీరుగా దక్కింది. మరుసటి ఏడాదే నిజాం ఈ సీమనంతా ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అంత చరిత్ర ఉన్న ఊళ్లో గోడల మీద పేర్లు చెక్కిన వాళ్లను చూస్తే కడుపు మండింది.

కొండ మీది కోటకు ఎండ ముదరకముందే ఎక్కాలి. మేం పదకొండు గంటలకు మొదలుపెట్టి సగంలోనే దిగేశాం, తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. కొండను ఒక గుర్రం కాపలా కాసేదనీ, అది ఉన్నన్నాళ్లూ కోట ఎవరికీ లొంగేది కాదనీ, ఒక మరాఠా వీరుడు బండకు మేకులు కొట్టుకుంటూ ఎక్కి దాన్ని ఎత్తుకుపోయాడనీ కథ చెబుతారు. ఆ నిటారు బండను చూశాక కథ నమ్మబుద్ధేసింది.

మధ్యాహ్నం రోడ్డు పక్క చిన్న హోటల్లో రాగిసంగటి, నాటుకోడి పులుసు తిన్నాం. సంగటి వేడివేడిగా, ముద్ద ముద్దకూ నెయ్యి వేసి పెట్టారు. ఇద్దరికీ కలిపి 380 రూపాయలు.

రాత్రి మదనపల్లెలో లాడ్జీ తీసుకున్నాం. ఫోన్లో చెప్పిన రేటు ఒకటి, కౌంటర్లో అడిగింది ఇంకొకటి. వేడినీళ్లు లేవు, పైగా జనవరి చలి. పెద్దవాళ్లతో వెళ్తే గది చూశాకే డబ్బు కట్టండి. బస్సులో వచ్చేవాళ్లకు టెన్షన్ లేదు, మదనపల్లె–రాయచోటి బస్సులు గుర్రంకొండ మీదుగానే వెళ్తాయి.

మరునాడు తిరుగుదారిలో తరిగొండకు వెళ్లాం. అదీ గుర్రంకొండ మండలమే. నరసింహస్వామి గుడిలో కూర్చుంటే, నవాబులు ఏలిన ఆ 18వ శతాబ్దంలోనే భక్త కవయిత్రి వెంగమాంబ ఇక్కడ పుట్టిందని గుర్తొచ్చింది. తిరుమలలో ఆమె పేరు మీదున్న అన్నప్రసాద భవనంలో ఎన్నిసార్లు భోంచేశానో! ఆమె సొంత ఊరు చూడటానికి ఇన్నేళ్లు పట్టింది. "మళ్లీ వద్దాం రా, ఈసారి తెల్లారేసరికి కొండ కింద ఉండాలి" అన్నాడు మామయ్య. శివరాత్రి దాటకముందే వెళ్లాలనుకుంటున్నాం.