జర్మనీలో గది: బెజవాడ నుంచే ఖాయం చేసుకోవాలా, దిగాక వెతకాలా?

బెజవాడ, గుంటూరుల నుంచి చదువుకు వెళ్లేవాళ్లు ముందే గది ఖాయం చేసుకుంటే దిగిన రోజే తాళం చేతికొస్తుంది. గదిలో చేరిన 2 వారాల్లో చేయాల్సిన చిరునామా నమోదు, అదే అన్‌మెల్డుంగ్, ఆగదు. దానికి ఓనరు సంతకం చేసిన ధ్రువపత్రం తప్పనిసరి. స్టూడెంటెన్‌వెర్క్ (విద్యార్థుల వసతి వగైరా చూసే సంస్థ) హాస్టల్ దొరికితే ఇక ఆలోచించొద్దు. ప్రైవేటు గదికే భయం. "నేను వేరే దేశంలో ఉన్నా, డిపాజిట్ పంపితే తాళం కొరియర్ చేస్తా" అని ఓనరు అన్నాడంటే మోసమే అనుకోండి. వీడియో కాల్‌లో కుళాయి తిప్పించి చూడండి, కిటికీలోంచి వీధి చూపించమనండి. కుంటిసాకులు చెబితే వదిలేయండి.

దిగాక వెతికితే కళ్లారా చూసుకోవచ్చు. అయితే తాత్కాలిక బస ఖర్చు మీద పడుతుంది, పైగా చాలాచోట్ల చిరునామా నమోదుకు కావాల్సిన ఆ ధ్రువపత్రం ఇవ్వరు. ఇస్తామన్నచోటే, మెయిల్‌లో రాయించుకుని దిగండి. హాస్టల్ రానివాళ్లకు మా ఓటు దిగాక వెతకడానికే. డిపాజిట్ 3 నెలల కాల్ట్‌మీటె (హీటింగ్ వగైరా కలపని అద్దె) దాటకూడదన్నది చట్టం, 3 వాయిదాల్లో కట్టొచ్చు. ఫర్నిచర్ లేని ఫ్లాటయితే వంటింట్లో సింకు, స్టవ్వు ఉన్నాయో లేదో అడగండి. చాలావాటిలో ఉత్త గోడలే ఉంటాయి.