ఎరుపా, పచ్చా? ఫీనిక్స్‌లో పదేళ్ల సౌత్‌వెస్టర్న్ భోజనం

మాది తెనాలి దగ్గర ఒక పల్లె. సంక్రాంతి దాటితే రోట్లో పండుమిర్చి కారం, ఎండలు ముదిరితే డాబా నిండా ఎండుమిర్చి. అలాంటి ఇంటి నుంచి 2013లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌కి కాపురానికి వచ్చాను. ఇక్కడి వాళ్ల కారం ఏపాటిదిలే అని మొదటి రెండేళ్లు ఇక్కడి సౌత్‌వెస్టర్న్ హోటళ్ల వైపే, అంటే అమెరికా నైరుతి మూల వంట చేసే చోట్ల వైపే చూడలేదు. బయట తినాలంటే మన బిర్యానీ, మన దోసె. తర్వాత ఒక మధ్యాహ్నం మా ఆయన ఆఫీసు వాళ్లతో కలిసి వెళ్లాం. ఆ రోజు మొదలైన అలవాటు ఇప్పటికీ పోలేదు. నెలకు రెండుసార్లయినా ఫీనిక్స్, టెంపీ, మెసా చుట్టూ ఎక్కడో ఒకచోట సౌత్‌వెస్టర్న్ భోజనం చేస్తాం. పిల్లల పుట్టినరోజులు, మా పెళ్లిరోజు, ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు ఊరు చూపించడం, అన్నీ ఈ హోటళ్లలోనే జరిగాయి. మన వాళ్లు కొత్తగా ఈ ఊరికి వస్తున్నారు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఒక మాట. చిపోట్లే (పొగబెట్టి ఎండబెట్టిన మిరప) కలిపిన మయోనీస్ పూసిన ప్రతి శాండ్‌విచ్‌కీ ఈ దేశంలో సౌత్‌వెస్టర్న్ అని పేరు పెట్టేస్తారు. 1980లలో శాంటా ఫే, డాలస్, ఫీనిక్స్ నగరాల్లో కొందరు పేరున్న షెఫ్‌లు ఇక్కడి మిరపకాయల్ని, మొక్కజొన్నని ఖరీదైన హోటళ్ల టేబుల్ మీదికి తెచ్చారు. శాంటా ఫేలో మార్క్ మిల్లర్ 1987లో తెరిచిన కొయోటే కెఫే వాటిలో బాగా పేరుపడింది. ఆ ఊపులోనే చెయిన్ రెస్టారెంట్లు కూడా ఆ పేరు పట్టుకున్నాయి. అసలు వంట అంతకన్నా చాలా పాతది. 1848లో అమెరికా, మెక్సికో యుద్ధం ముగిసేదాకా ఫీనిక్స్ ఉన్న ఈ నేల మెక్సికోది. అంతకు ముందు స్పెయిన్‌ది, అందరికన్నా ముందు ఇక్కడి ఆదివాసులది. అందుకే ఒకే ప్లేటులో ఇక్కడి ఆదివాసులైన ఓడమ్ ప్రజల చిక్కుళ్లు, స్పెయిన్ వాళ్లు తెచ్చిన గోధుమ, మెక్సికో మిరప కలిసి కనిపిస్తాయి.

ఇప్పుడు కారం సంగతి. న్యూ మెక్సికో పద్ధతి హోటల్లో కూర్చోగానే సర్వర్ అడిగే ప్రశ్న ఒకటే: "రెడ్ ఆర్ గ్రీన్?" ఆ రాష్ట్రానికి అది అధికారిక ప్రశ్న కూడా. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి. సగం ప్లేటు ఎర్రగా, సగం పచ్చగా వస్తుంది. మొదటిసారి నాకు ఈ రెండూ వేరే వేరే కాయలనిపించింది. రెండూ ఒకే చెట్టు కాయలు. పచ్చిగా కోసి కాలిస్తే గ్రీన్, పండనిచ్చి ఎండబెడితే రెడ్. పచ్చిమిర్చికీ ఎండుమిర్చికీ ఉన్న తేడా మనకు ఒకరు చెప్పక్కర్లేదు కదా. అయితే మనం ఆ కాయని కూరలో వేసుకుంటాం, తాలింపులో వేసుకుంటాం. వీళ్లకి ఆ కాయే కూర.

రెడ్ చిలీ చేసే పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. ఎండుకాయల తొడిమలు, గింజలు తీసేసి వేడినీళ్లలో నానబెడతారు. మెత్తగా రుబ్బి, వెల్లుల్లి, ఉప్పు, కొంచెం ఒరెగానో వేసి చిక్కబడేదాకా ఉడికిస్తారు. చింతపండు ఉండదు, ఆవాలు ఉండవు. పాత పద్ధతిలో చేసేవాళ్లయితే జీలకర్ర కూడా వేయరు. కాబట్టి తప్పు దాచడానికి ఏమీ లేదు. కాయ కాస్త మాడినా చేదు తెలిసిపోతుంది, పాతబడిన కాయయితే మట్టి వాసన వేస్తుంది. అందుకే ఏ కొత్త హోటల్‌కి వెళ్లినా నేను ముందు ఒక చిన్న గిన్నెలో రెడ్ చిలీ విడిగా అడిగి, టోర్టియా, అంటే ఇక్కడి రొట్టె, ముక్క ముంచుకుని తింటాను. అది బాగుంటే మిగతావన్నీ బాగుంటాయి. ఈ పదేళ్లలో ఈ లెక్క తప్పింది లేదు.

గ్రీన్ చిలీ రుచి ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే హోటల్ కన్నా ముందు కిరాణా దుకాణం బయట నిలబడాలి. ఆగస్టు చివర్లో న్యూ మెక్సికోలోని హ్యాచ్ అనే ఊరి చుట్టుపక్కల పొలాల నుంచి మిరప లారీలు దిగుతాయి. పార్కింగ్ స్థలంలో ఇనుప జాలీతో చేసిన పెద్ద పీపా ఒకటి పెడతారు. మన జాతరల్లో లాటరీ చీట్లు వేసి తిప్పే డబ్బాని అడ్డంగా పడుకోబెట్టి, పది రెట్లు పెద్దది చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బస్తా కాయలు అందులో పోసి, కింద గ్యాస్ మంట పెట్టి తిప్పుతారు. కాయలు చిటపటమంటాయి, తొక్క నల్లగా పొంగి రాలిపోతుంది, కాలిన పొట్టు గాల్లో లేస్తుంది. అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. వేడివేడిగా ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి కట్టేస్తారు, ఆ ఆవిరికే మిగిలిన తొక్క ఊడొస్తుంది. ఒకసారి అత్తయ్య అక్కడ నిలబడి, కళ్లు మూసుకుని, "ఏమ్మా, పొయ్యి మీద వంకాయ కాల్చినట్టు లేదూ?" అన్నారు. అచ్చంగా అదే. అప్పటి నుంచి గ్రీన్ చిలీ ఎలా ఉంటుందని ఎవరడిగినా ఆవిడ మాటే చెప్తున్నాను.

కారం పాళ్లకు వస్తే, సెంట్రల్ అవెన్యూ మీద దక్షిణాన ఉన్న లాస్ డోస్ మోలినోస్‌కి వెళ్లండి. అక్కడ తగ్గించమంటే తగ్గించే అలవాటు లేదు. పంది మాంసాన్ని రెడ్ చిలీలో నానబెట్టి వండే కార్నె అడొవాడా అక్కడ తిన్న రోజు మా ఆయన చొక్కా తడిసిపోయింది. గుంటూరు కారం నాలుక మీద వెంటనే కొడుతుంది. ఈ కారం నాలుగు ముద్దలు మింగాక గొంతులోంచి పైకి వస్తుంది. నీళ్లు తాగితే ఏం లాభం ఉండదు. అందుకే సోపపియాలు అడగాలి. మన పూరీలాగే నూనెలో పొంగిస్తారు, కాకపోతే నలుచదరంగా దిండులా ఉంటుంది. మూల తుంచి లోపల తేనె పోసుకుని తింటే మంట దిగుతుంది. మా చిన్నవాడు అన్నప్రాశన తర్వాత బయట తిన్న మొదటి తిండి అదే, తేనె లేకుండా.

ఫీనిక్స్‌లో న్యూ మెక్సికో వంట కన్నా సోనోరా వంట ఎక్కువ. సరిహద్దుకి అవతలున్న మెక్సికో రాష్ట్రం సోనోరా. అక్కడ గోధుమ పంట ఉంది కాబట్టి టోర్టియా మైదాతో చేస్తారు. రుమాలీ రోటీ అంత పలుచగా, అవతలి వెలుతురు కనిపించేలా, మోచేతి దాకా సాగదీసి చేసేది తినాలి. పెనం మీంచి తీసిన నిమిషంలో తింటేనే దాని రుచి. ప్యాకెట్ టోర్టియా పెట్టే చోటికి నేను రెండోసారి వెళ్లను. చిమిచంగా కూడా ఈ వైపుదే, బరీటోని, అంటే లోపల కూర పెట్టి చుట్టిన టోర్టియాని, నూనెలో వేయిస్తారు. దాన్ని మేమే కనిపెట్టామని టూసాన్‌లోని ఎల్ చారో కెఫే, ఫీనిక్స్‌లోని మకాయోస్ రెండూ చెప్పుకుంటాయి. నాకైతే అది బరువెక్కువ. సగం తినేసరికి నిద్ర ముంచుకొస్తుంది.

సోనోరా హోటళ్లలో టేబుల్ మీద చిన్న సీసాలో బఠాణీ గింజంత ఎర్రటి మిరపకాయలు పెడతారు. చిల్టెపిన్ అంటారు. దక్షిణ అరిజోనా కొండల్లో ఇది ఇప్పటికీ అడవిలోనే పెరుగుతుంది. పక్షులకి కారం తెలీదు, అవి తిని గింజలు వదిలిన చోటల్లా మొలుస్తుంది. ఒక కాయ వేళ్ల మధ్య నలిపి సూప్‌లో వేసుకుంటే చాలు. మిరప మన దేశానికి పోర్చుగీసు ఓడల్లో వచ్చి 500 ఏళ్లయింది. అంతకు ముందు మన వాళ్లకి కారమంటే మిరియాలే. చిల్టెపిన్ నలిపిన ప్రతిసారీ మా నాన్న డాబా మీద ఆరబోసే కాయలకి ఇది ముత్తవ్వ వరస అవుతుందనిపించి, ఆ సీసా వైపు ప్రేమగా చూస్తాను.

శాకాహారులకి మాత్రం గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. మా అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. 2017లో వాళ్లు వచ్చినప్పుడు మా ఇంటికి దగ్గరున్న ఒక హోటల్‌కి తీసుకెళ్లాను. బీన్స్ వెజిటేరియనేనా అని అడిగాను, అవునన్నారు. అత్తయ్యకి అవి ఎంతో నచ్చాయి. మెత్తగా మెదిపిన పింటో బీన్స్, మన ముద్దపప్పులా ఉన్నాయని ఇష్టంగా తిన్నారు. మూడోసారి వెళ్లినప్పుడు వేరే సర్వర్ వచ్చింది. అలవాటుగా అడిగితే, "మాంసం ముక్కలుండవు, కానీ లార్డ్‌తో వేయిస్తాం" అంది. లార్డ్ అంటే పంది కొవ్వు. అత్తయ్యకి ఇంగ్లీషు అర్థమవుతుంది. చెంచా పక్కన పెట్టి మంచినీళ్లు తాగారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి తలస్నానం చేసి దేవుడి దగ్గర చాలాసేపు కూర్చున్నారు. ఆ మౌనం నాకిప్పటికీ గుర్తుంది. నేనే ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సింది, వాళ్లూ సరిగ్గా చెప్పి ఉండాల్సింది.

అందుకే "వెజిటేరియనా?" అని అడగొద్దు. ఆ మాటకి ఇక్కడ చాలా చోట్ల మాంసం ముక్క లేదనే అర్థం. బీన్స్‌లో, టోర్టియాలో లార్డ్ ఉందా అని పేరు పెట్టి అడగండి. అన్నం చికెన్ స్టాక్‌లో ఉడికిస్తారా అని అడగండి, ఎక్కువ చోట్ల అలాగే చేస్తారు. రెడ్ చిలీలో మాంసం రసం కలుపుతారేమో అడగండి. గ్రీన్ చిలీ స్టూ అంటే దాదాపు ప్రతిచోటా పంది మాంసమే. ఇవన్నీ పోను మిగిలేవాటిలో నాకు బాగా నచ్చేది కలబసితాస్. లేత గుమ్మడి జాతి కాయ, మొక్కజొన్న గింజలు, గ్రీన్ చిలీ కలిపి వేయించి పైన కాస్త చీజ్ వేస్తారు. మన బీరకాయ కూర తిన్నట్టు కడుపు తేలిగ్గా ఉంటుంది. చిలీ రెయెనో కూడా బాగుంటుంది. కాల్చిన మిరపకాయలో చీజ్ కూరి సొనలో ముంచి వేయిస్తారు, గుడ్డు తినేవాళ్లకి మన మిరపకాయ బజ్జీ గుర్తొస్తుంది. మేం బీఫ్ తినం కాబట్టి ఎన్చిలాడాలు (చిలీ పోసిన టోర్టియాలు) న్యూ మెక్సికో పద్ధతిలో, అంటే చుట్టకుండా అట్టుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన గుడ్డు వేసింది అడుగుతాం. నీలం మొక్కజొన్న టోర్టియాతో చేస్తే మరీ రుచి.

ఇక ఆదివాసుల వంట. ఫీనిక్స్‌లో ఉండీ ఇది తినకపోతే ఈ నేల రుచి తెలియనట్టే. ఫ్రై బ్రెడ్ హౌస్ అని ఒక చిన్న హోటల్ ఉంది. 1992లో టొహోనో ఓడమ్ తెగకు చెందిన ఒకావిడ మొదలుపెట్టారు, 2012లో అమెరికా హోటళ్లకి ఇచ్చే పేరున్న జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది. చేటంత రొట్టెని నూనెలో పొంగించి, మీద బీన్స్, చిలీ వేసి మడిచి ఇస్తారు. ఫ్రై బ్రెడ్ వెనకున్న చరిత్ర బాధాకరమైంది. 1864లో నవాహో ప్రజల్ని సొంత నేల నుంచి వందల మైళ్లు నడిపించి బందీలుగా పెట్టినప్పుడు, సర్కారు ఇచ్చిన పిండి, కొవ్వుతో బతకడానికి చేసుకున్న రొట్టె ఇదని వాళ్లు చెప్తారు. ఈ సంగతి మా పెద్దదానికి అక్కడే కూర్చుని చెప్పాను. ఆ రోజు ప్లేట్లో ఏమీ వదల్లేదు.

ఓడమ్ తెగల పాత పంట టెపరీ చిక్కుళ్లు. తక్కువ నీళ్లతో, ఎడారి ఎండలో పండుతాయి. మన ఉలవల్లాగే మెట్ట పంట, ఉడకడానికీ అంతే మొండి. నానబెట్టి చాలాసేపు ఉడికిస్తే కమ్మగా, కొంచెం తియ్యగా ఉంటాయి. మా పదో పెళ్లిరోజుకి గిలా రివర్ ఆదివాసీ ప్రాంతంలోని కాయ్ రెస్టారెంట్‌కి వెళ్లాం. అక్కడి ఓడమ్ ప్రజల భాషలో కాయ్ అంటే విత్తనం. చాలా ఖరీదు, మళ్లీ మళ్లీ వెళ్లేది కాదు. అయినా ఆ తెగల భూమిలో పండిన గింజని అంత గౌరవంగా వడ్డించడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

నచ్చనివీ ఉన్నాయి. మధ్య తరగతి హోటళ్లలో చీజ్ మరీ ఎక్కువ. చిలీ రుచి దాని కింద మునిగిపోతుంది. నేను ఆర్డర్ ఇచ్చేటప్పుడే సగం చాలంటాను. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది, మిగిలింది డబ్బాలో పెట్టివ్వమంటే ఇస్తారు. శుక్ర, శనివారాల సాయంత్రాలు గంట వెయిటింగ్ మామూలే, పిల్లలుంటే అయిదున్నరకే వెళ్లిపోవాలి. పైన 18 నుంచి 20 శాతం టిప్ కలుపుకుని లెక్క వేసుకోండి.

బయట వసారాలో కూర్చోవడం ఈ హోటళ్లకి అందం, కానీ అది నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే. 2023 వేసవిలో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆ పైన కొట్టిన ఊరిది. జూలైలో నీటి తుంపర చల్లే ఫ్యాన్లు పెట్టినా బయట కూర్చోలేం. పెద్దవాళ్లని పిలిపించేవాళ్లు ఫిబ్రవరి, మార్చిల్లో పిలిపించుకోండి. అత్తయ్య ఈసారి ఆ నెలల్లోనే వస్తున్నారు. ఒక హోటల్‌కి ముందే ఫోన్ చేసి మాట్లాడాను. బీన్స్ నూనెతో వండుతామని వంటాయన స్వయంగా లైన్లోకి వచ్చి చెప్పాడు, టోర్టియా పిండిలో ఏం కలుపుతారో కూడా చెప్పాడు. వసారాలో నలుగురికి టేబుల్ పెట్టమన్నాను.