అల్యూమినియం పడవకు ఎర్ర రంగు వేయించే ముందు ఆగండి

రంభ, బరంపురం వైపు అల్యూమినియం పడవలున్నవాళ్లు ఇది చదవండి. నేను రూ.8,000 ఇచ్చి మరీ నా పడవకు చిల్లు పెట్టించుకున్నాను.

మాది 14 అడుగుల సెకండ్ హ్యాండ్ పడవ, చిలికా సరస్సులో తిరుగుతుంది. వానలకు ముందు అడుగు చెక్కలు ఎత్తితే, తడి గోనెసంచి అతుక్కున్న చోట తెల్లటి పొడి కనిపించింది. గీకితే కందిగింజంత గుంటలు, నాలుగైదు. ఏదీ చిల్లు పడలేదు. చిన్న పనే కదా అని బరంపురంలో ఒక షాపులో ఇచ్చాను.

"ఏటీ కాదు బాబూ, ఒక్క రోజులో అయిపోద్ది" అన్నాడు. ఇనుప గేట్లకు వాడే వైరు బ్రష్షే గ్రైండర్‌కి తగిలించి రుద్దాడు. గుంటల్లో పుట్టీ కూరాడు. గుల్లలు పట్టకుండా ఉంటుందని అడుగంతా ఎర్ర రంగు కొట్టాడు. ఓడలకు వేసేది ఇదేనట. కావచ్చు, కానీ అవి ఇనుప ఓడలు!

డబ్బా మీద చిన్న అక్షరాల్లో క్యూప్రస్ ఆక్సైడ్ అని ఉంది. అంటే రాగి. ఉప్పునీళ్లలో రాగి పక్కన అల్యూమినియం ఉంటే రెండూ కలిసి బ్యాటరీలా పనిచేస్తాయి, తినుకుపోయేది అల్యూమినియమే. బ్రష్ నుంచి రాలి రేకులో దిగబడ్డ ఇనుప రజనూ అదే పని చేస్తుంది. మూడు నెలలకే రంగు బొబ్బలెక్కింది. ఒకటి గోటితో చిదిపితే తెల్లటి తడి పిండి వచ్చింది. తుడిచి, బోర్లించిన పడవ కిందకి దూరి చూస్తే సూదిమొనంత వెలుతురు. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు.

తర్వాత విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసే మా బావమరిది చెప్పినట్టు, పడవను అక్కడికే మోసుకెళ్లి చేయించాను. రంగంతా గీకించి, ఇనుము ముట్టని కొత్త స్టెయిన్‌లెస్ బ్రష్‌తో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, వెంటనే ఎపాక్సీ ప్రైమర్ (రేకును గట్టిగా పట్టుకునే తొలి పూత) వేయించాం. ఆలస్యమైతే గాలికే మళ్లీ ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. పైపై గుంటలకు దాని మీద ఎపాక్సీ పుట్టీ చాలు, అసలు పుట్టీ తప్పేం లేదు.

చిల్లుకు మాత్రం ఆర్గాన్ వెల్డింగే, అంటే ఆర్గాన్ గ్యాస్ వదులుతూ ఆ పొరను చెదరగొట్టే ఏసీ టిగ్ మిషన్‌తో చేసేది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, పైనున్న ఆక్సైడ్ పొర 2000 దాటితే గానీ కరగదు. మామూలు వెల్డర్ చేయి పెడితే పొర అలాగే ఉంటుంది, కింద రేకు జారిపోతుంది. రాడ్డు 5356 (మెగ్నీషియం కలిపిన అల్యూమినియం రాడ్డు) ఉందా అని అడగండి. చిలికా లాంటి ఉప్పూ తీపీ కలిసిన నీళ్లకు జింక్ కంటే అల్యూమినియం యానోడ్ (పడవ రేకుకు బదులు తానే తినుకుపోయేలా బిగించే లోహపు ముక్క) మేలు. గోనెసంచి తీసేసి రబ్బరు షీటు వేశాను.

ఛత్రపురం, బరంపురం చుట్టుపక్కల ఏసీ టిగ్ మిషనున్న వెల్డర్ ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంకో రెండు గుంటలు అనుమానంగా ఉన్నాయి, పడవను మళ్లీ విశాఖ దాకా మోయలేను.