సెల్లారులో స్మార్ట్ మీటరు: రెండు వేసవులు వాడాక

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మీటర్లన్నీ కింద సెల్లారులో, లిఫ్టు వెనక ఇనుప పెట్టెలో వరసగా ఉంటాయి. పాత మీటరు పీకేసి, రీడింగును తనే గాల్లోంచి కరెంటు ఆఫీసుకు పంపే స్మార్ట్ మీటరు బిగించాక రెండు వేసవులు గడిచాయి. ఏసీలు రాత్రంతా తిరిగిన రోజులూ, వాయుగుండం పట్టి కరెంటు పోతూ వస్తూ ఉన్న రోజులూ చూశాను కాబట్టి ఇప్పుడు రాస్తే న్యాయంగా ఉంటుందనిపించింది.

కొలవడంలో దీనికి వంక పెట్టలేను. ఆ లెక్కను కబురుగా పంపడంలోనే దీని తంటాలన్నీ.

"ఇది గిర్రున తిరిగేస్తోంది" అని మా వాళ్లు మొదటి బిల్లుకే గోల పెట్టారు. యూనిట్‌కు 3200 పల్స్‌లు, అంటే ఎర్ర లైటు అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అని, మా మీటరు ముఖం మీదే ముద్రించి ఉంది. ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపేసి, బకెట్లో వెయ్యి వాట్ల హీటర్ రాడ్ పెట్టి, కిందికి వెళ్లి ఎర్ర లైటు ఎన్నిసార్లు వెలుగుతోందో లెక్కపెట్టాం. వెయ్యి వాట్లంటే గంటకు ఒక యూనిట్, అంటే నిమిషానికి 53 రావాలి. 49 వచ్చాయి. ఎక్కువ తిరగడం మాట అటుంచి తక్కువే వచ్చిందేమిటని చూస్తే, వోల్టేజి 220 దగ్గర ఉంది. రాడ్ మీద రాసిన వాట్లు 230 వోల్టులకు లెక్క. ఆ తేడా తీసేస్తే అతికినట్టు సరిపోయింది. అక్కడితో ఆ గొడవ చల్లారింది.

ఇక కబురు సంగతి. చాలామంది అనుకుంటున్నట్టు ఇది మన ఇంటి వైఫైని ముట్టుకోదు. మనదేశంలో ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి, మీటరులోనే సిమ్ ఉండి నేరుగా సెల్ టవర్‌తో మాట్లాడటం. రెండోది, 865 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల లైసెన్సు అక్కర్లేని రేడియోతో పక్క మీటరుకి, అది ఇంకో మీటరుకి అందిస్తూ, చివరికి వీధిలో ఎత్తున బిగించిన గేట్‌వే పెట్టెకు చేర్చడం. దీన్ని మెష్ అంటారు. అక్కణ్నుంచి సర్వరుకు, సర్వరు నుంచి లెక్కలు చూసుకునే మరో వ్యవస్థకు, ఆ తర్వాతే మన ఫోన్‌లో యాప్‌కు. ఇన్ని చేతులు మారాక మనం చూసేది నిన్నటి లెక్కే. యాప్ తెరిచి "ఏసీ వేశాను, ముల్లు కదల్లేదేంటి" అంటే ఎలా?

మాది సిమ్ రకం. మొదటి వర్షాకాలంలోనే యాప్‌లో ఖాళీలు మొదలయ్యాయి. ఒక రోజు సున్నా యూనిట్లు, మర్నాడు రెండు రోజులదీ కలిపి. అది చూసి పై ఫ్లాటాయనకు టెన్షన్. నిజానికి బిల్లుకు దానితో పని లేదు. మీటరు యూనిట్లను కూడుకుంటూ పోతుంది, నెలాఖరు అంకె లోంచి మొదటి అంకె తీసేస్తే వచ్చేదే బిల్లు. అరగంటకో లెక్క చొప్పున వారాల తరబడి తన దగ్గరే దాచుకుని, దారి దొరికినప్పుడు పంపుతుంది. కొన్నిచోట్ల సర్వరే ఖాళీని అంచనాతో పూడ్చి, అసలు అంకె వచ్చాక సరిచేస్తుంది. అందుకే నిన్న చూసిన గ్రాఫు ఇవాళ మారిపోయి కనిపిస్తుంది.

ఫిర్యాదు పెడితే ఒక కుర్రాడొచ్చాడు. తన ఫోన్ తీసి సెల్లారులో అటూ ఇటూ తిరిగి, "మీటరు బాగానే ఉందండి, ఇక్కడ నా ఫోన్‌కే గీతల్లేవు" అన్నాడు. చుట్టూ కాంక్రీటు, మీద ఇనుప తలుపు. పైగా యాంటెన్నా మర విప్పి చూపిస్తే లోపల ఆకుపచ్చగా చిలుము. సముద్రం ఇంత దగ్గరగా ఉంటే కిటికీ గ్రిల్లులే నిలవవు, ఆ సన్నటి ఇత్తడి ముక్క ఎంత! చిలుము గీకి, యాంటెన్నాకు పొడుగు తీగ వేసి, ర్యాంపు దగ్గర వెంటిలేటర్ బయటికి తెచ్చి అతికించాడు. ఆ పూట నుంచి ఖాళీలు బాగా తగ్గాయి. వాచ్‌మన్‌కు మాత్రం "బాబూ, ఆ తీగ మీద తడిబట్టలు ఆరేయొద్దు" అని ఇప్పటికీ చెప్తూనే ఉన్నాం.

పూర్తిగా పోలేదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కాసేపు మూగబోతుంది. పోయేటప్పుడు లోపలున్న కాస్త ఛార్జితో "కరెంటు పోయింది" అని ఆఖరి కబురు పంపే ఏర్పాటు ఈ మీటర్లలో ఉంటుంది. కానీ వీధిలో వందల మీటర్లు అదే క్షణంలో అరిస్తే కొన్నే వినబడతాయి. కరెంటొచ్చాక ఇంకా దారుణం: రైతుబజారు గేటు తీసినప్పటిలా అన్నీ ఒక్కసారే నెట్‌వర్కులోకి ఎగబడతాయి. మెష్ ఉన్న చోట ఇంకో చిక్కుంది. గేట్‌వేకు బ్యాటరీ చచ్చినా, మధ్యలో కబురందించే ఇంటికి సప్లై తీసేసినా, వెనకున్న ఇళ్లకు వేరే దారి దొరికే దాకా గప్‌చుప్. కొండవాలు మీద ఇళ్లున్న మన ఊళ్లో అడ్డాలకు కొదవలేదు.

మీటరు మార్చినప్పుడు వచ్చే పేచీ వేరు. సిగ్నల్ నిండుగా ఉన్నా డేటా రాదు. కబురంతా తాళం వేసి వెళ్తుంది కదా, ఆ మీటరు తాళంచెవి సర్వరులో తప్పుగా ఎక్కితే తెరుచుకోదు. మీటరు నంబరు ఇంకొకరి సర్వీసు నంబరుకు జతయితే వాళ్ల యూనిట్లు మన యాప్‌లో కనిపిస్తాయి. బిగించిన రోజే మీటరు నంబరూ, మొదటి రీడింగూ ఫోటో తీసి పెట్టుకోండి.

మార్కులంటారా, కొలతకు అయిదుకు అయిదు, కబురుకు మూడు, యాప్‌కు రెండు. మాది ఇంకా పోస్ట్‌పెయిడే కాబట్టి ఆ మూడుతో సర్దుకుపోతున్నాను. 2021లో మొదలైన కేంద్ర పథకం లక్ష్యం 25 కోట్ల ప్రీపెయిడ్ మీటర్లు. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్సు లెక్క సాధారణంగా మీటరులో కాదు, సర్వరులో ఉంటుంది. డబ్బులయిపోయి సప్లై ఆగాక రీఛార్జి చేస్తే, "మళ్లీ కలుపు" అన్న ఆజ్ఞ ఇదే గాల్లోంచి సెల్లారుకు దిగాలి. మా పాత యాంటెన్నాతో అయితే ఆ రాత్రి చెమటతోనే తెల్లారేది. ప్రీపెయిడ్‌కు ఒప్పుకునే ముందు మీ మీటరు పెట్టె పక్కన నిలబడి, తలుపు మూసి, ఫోన్‌లో సిగ్నల్ చూడండి.