రేడియేషన్ ప్లానింగ్ స్కాన్లు: పనికి నాలుగున్నర స్టార్లు, చెప్పే తీరుకు రెండు

నాన్నకు రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్. సర్జరీకి ముందు రేడియేషన్ ఇవ్వాలన్నారు, 28 సిట్టింగులు, మొత్తం 50.4 గ్రే (రేడియేషన్ డోసు కొలత), పక్కనే కేపెసిటబిన్ అనే కీమో మాత్రలు. (5 సిట్టింగుల్లో 25 గ్రే ఇచ్చేసే షార్ట్ కోర్సు కూడా ఉంది, గడ్డ ఉన్న తీరు చూసి మాకు పెద్ద కోర్సే అన్నారు.) ఆ సిట్టింగుల సంగతి ఇక్కడ రాయడం లేదు. వాటికి ముందు జరిగే స్కాన్లు, ప్లానింగ్ గురించే రాస్తున్నా, ఎందుకంటే మిషన్ కొత్తదా పాతదా అని అందరూ అడుగుతారు గానీ ఈ పని గురించి అడిగినవాళ్లు నాకు ఒక్కరూ కనపడలేదు. ఆసుపత్రి పేరు రాయను, అడగొద్దు.

మొదట నేనే గొడవపడ్డాను. ఎంఆర్ఐ ఉంది కదా, మళ్లీ సీటీ సిమ్యులేషన్ (రేడియేషన్ ఇచ్చేటప్పటిలాగే పడుకోబెట్టి తీసే ప్లానింగ్ సీటీ స్కాన్) ఎందుకు, డబ్బుల కోసమా అని. అక్కడి ఫిజిసిస్ట్ (రేడియేషన్ డోసు లెక్కలు చూసే నిపుణుడు) ఏమీ అనుకోకుండా నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. సీటీలో గడ్డ, పేగు గోడ అంతా ఒకటే బూడిద రంగు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నాకే కాదు, చూడ్డం వచ్చినవాళ్లకూ కష్టమేనట. ఎంఆర్ఐలో మాత్రం గడ్డ అంచు, దాని చుట్టూ తెల్లగా కొవ్వు, ఆ కొవ్వుకు హద్దులా సన్నటి నల్ల గీత. గడ్డకూ ఆ గీతకూ మధ్య దూరం 1 మిల్లీమీటరు లేక అంతకన్నా తక్కువ ఉంటే ప్రమాదం కింద లెక్క. మరి ఎంఆర్ఐ ఒక్కటీ చాలదా అంటే, కిరణం ఒంట్లో ఎక్కడ ఎంత ఆగుతుందో లెక్క కట్టడానికి లోపలి సాంద్రత తెలియాలి, ఆ లెక్క సీటీ నుంచి నేరుగా వస్తుంది. అందుకే రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెడతారు, ఫ్యూజన్ అంటారు.

మౌస్‌తో గీతను పక్కకు జరుపుతుంటే తెరలో సగం సీటీ, సగం ఎంఆర్ఐ. తుంటి ఎముకలు చక్కగా కలిశాయి. రెక్టమ్ దగ్గరికి వచ్చేసరికి ఒకటి ఇటు, ఒకటి అటు. పాత ఎంఆర్ఐ ఒంపు ఉన్న బల్ల మీద, ఖాళీ మూత్రాశయంతో తీసింది, సీటీ చదును బల్ల మీద, నిండు మూత్రాశయంతో తీసింది, ఇక ఎలా కలుస్తాయి? దానితోనే సరిపెట్టుకోకుండా చదును బోర్డు వేసి, నీళ్లు తాగించి ఎంఆర్ఐ మళ్లీ తీశారు. నాలుగున్నర స్టార్లు దీనికే.

ఇక తిట్టాల్సింది. సీటీ రోజున మూత్రాశయం నిండి ఉండాలని, విరేచనం అయిపోయి ఉండాలని ఒక్కరూ ముందు చెప్పలేదు. నాన్న పద్ధతి మనిషి కదా, లోపలికి పిలవగానే ముందు బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చారు! అప్పుడు అర లీటరు నీళ్లిచ్చి ముప్పావుగంట కూర్చోబెట్టారు. తీరా పడుకోబెట్టి చూస్తే రెక్టమ్ నిండా గ్యాస్, మళ్లీ దిగమన్నారు. ఉదయం వెళ్లినవాళ్లం మధ్యాహ్నానికి బయటపడ్డాం. అపాయింట్‌మెంట్ చీటీ వెనక రెండు వాక్యాలు అచ్చు వేస్తే పోయేది.

ఇదేం చాదస్తం కాదు. మూత్రాశయం నిండితే చిన్నపేగులు పైకి జరుగుతాయి, వాటి మీద రేడియేషన్ తక్కువ పడుతుంది. ఆ రోజు ఎలా ఉందో చూసి డాక్టరు 3 మిల్లీమీటర్లకొక ముక్క చొప్పున ప్రతి బొమ్మ మీదా గీతలు గీస్తారు: గడ్డ, చుట్టూ కొవ్వు, పక్కనున్న లింఫ్ గ్రంథులు, బయట కొంచెం మార్జిన్ (అటూ ఇటూ కదిలినా తప్పిపోకుండా వదిలే అదనపు జాగా), తర్వాత కాపాడాల్సిన చిన్నపేగు, మూత్రాశయం, తొడ ఎముకల తలలు. సిట్టింగుల్లో కూడా మూత్రాశయం దాదాపు అలాగే ఉండాలి, మిషన్ మీదే చిన్న సీటీ తీసి సరిచూస్తారు. స్కాన్‌కీ మొదటి సిట్టింగుకీ మధ్య తొమ్మిది రోజులు పట్టింది, మాకు ఒకటే టెన్షన్, ఫోన్ చేస్తే "ప్లానింగ్‌లో ఉంది" అనే మాట తప్ప ఇంకోటి లేదు. గీతలు, డోసు లెక్క, ఆపైన ఆ ప్లాన్‌ను మిషన్ మీద మనిషి లేకుండా నడిపి చూడడం, ఇదంతా నేను తర్వాత అడిగి తెలుసుకున్నది.

పొట్ట మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి, చిన్న చుక్కలు పొడిచారు, లేజర్ గీతలు వాటి మీద పడేలా పడుకోబెడతారు. "ఈ వయసులో పచ్చబొట్టు పొడిపించారు రా" అన్నారు నాన్న. కొంతమందిని బెల్లీ బోర్డు (పొట్ట కిందికి దిగేలా మధ్యలో ఖాళీ ఉన్న బోర్డు) మీద బోర్లా పడుకోబెడతారట, నాన్న నడుముకు అది కుదరదని వెల్లకిలా ఒప్పుకున్నారు, అడగ్గానే. పెట్ స్కాన్ కూడా తీయాలా అంటే మీ విషయంలో అక్కర్లేదని నేరుగా చెప్పారు, అది నాకు నచ్చింది.

ఇప్పుడు నాన్నే బాటిల్, వాచీ పెట్టుకుని టైం చూసి తాగుతున్నారు. 12వ సిట్టింగ్‌లో ఒక్కసారి గ్యాస్ ఉందని దింపి అరగంట నడిపించారు. ఆయన విసుక్కోలేదు, నేనే విసుక్కున్నాను.