లోజేరా, క్రోజా? ఫ్రాన్స్ పల్లెపట్టున పాత ఇల్లు కొనేవాళ్లకు ఏది మేలు?

ఏడాది పొడవునా అక్కడే కాపురం ఉండాలంటే క్రోజ్ (23వ డిపార్ట్‌మెంట్, అంటే మన జిల్లా లాంటిది). కొండలే కావాలంటే లోజేర్ (48వ డిపార్ట్‌మెంట్).

విస్తీర్ణంలో పెద్ద తేడా లేదు: లోజేర్ 5,167, క్రోజ్ 5,565 చదరపు కిలోమీటర్లు. లోజేర్ జనాభా 77 వేల లోపే, ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో ఇంతకన్నా తక్కువున్న డిపార్ట్‌మెంట్ లేదు. క్రోజ్‌లో 1.15 లక్షల దాకా ఉంటారు. జనం పలచబడి 2012 నుంచి రెండిటికీ పార్లమెంటు దిగువ సభలో చెరొక్క డిప్యూటీయే (సభ్యుడే) మిగిలారు.

అసలు తేడా ఎత్తులో ఉంది. క్రోజ్‌లో ఎంత ఎత్తయిన చోటైనా 932 మీటర్లు దాటదు. లోజేర్‌లో సగటే 1,000 మీటర్ల దరిదాపు, ఫినియెల్ శిఖరం 1,699. ముఖ్యపట్నం మాంద్ నుంచి సబ్ ప్రిఫెక్చర్ (ఉప పాలనా కేంద్రం) ఫ్లొరాక్‌కు పోవాలంటే ఎన్106 జాతీయ రహదారి మీద 1,046 మీటర్ల మోంమిరా కనుమ ఎక్కి దిగాలి. నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా బండికి చలికాలపు టైర్లయినా ఉండాలి, డిక్కీలో టైర్లకు తొడిగే మంచు గొలుసులైనా ఉండాలి. క్రోజ్‌లో అయితే లా సూతెరేన్ రైల్వే స్టేషన్ పారిస్–లిమోజ్ లైను మీదే ఉంది.

లోజేర్ అంతా ఒకే తీరు నేల కాదు. కోస్ పీఠభూములు సున్నపురాయి, కురిసిన వాన కురిసినట్టే నేలలోకి ఇంకిపోతుంది, పైన వాగు కనిపించదు. సెవెన్ (Cévennes) కొండల లోయల్లో దీనికి పూర్తిగా తలకిందులు: శరదృతువులో కుండపోత పడితే గంటల్లో ఏరు పొంగుతుంది. ఏటి ఒడ్డున ఇల్లు ముచ్చటగా ఉందని మోజు పడేముందు ఊరి మేయరు ఆఫీసులో వరద ముంపు మ్యాపు చూడాలి.

కిటికీలు మార్చినా, కప్పు రూపం మార్చినా రెండు చోట్లా అర్జీ ఇవ్వాల్సింది ఊరి మేయరు ఆఫీసులోనే. ఇల్లు సెవెన్ జాతీయ పార్కు నడిబొడ్డు ప్రాంతంలో ఉంటే మాత్రం పార్కు ఒప్పుకోలు కూడా కావాలి, గడువు సాగుతుంది. క్రోజ్‌లో జాతీయ పార్కు లేదు, ఆ బెడదా లేదు.

విడివిడి పల్లెల్లో డ్రైనేజీ లైను ఉండదు, సెప్టిక్ ట్యాంకే. అమ్మేవాళ్లు దానికి మూడేళ్లలోపు జరిగిన తనిఖీ నివేదిక చూపాలి. సంతకానికి ముందే అది అడిగి చదవండి: లోపాలున్నాయని రాస్తే, కొన్న ఏడాదిలోగా బాగుచేయించాల్సింది కొన్నవాళ్లే.